చెవిలో చెప్పిన మాట

బుట్ట మటుకు బాగానే ఉంది. మెరిసే కాగితం చుట్టి, పైన ఆకుపచ్చ రిబ్బను ముడేసి ఇచ్చారు. లోపల కొత్త నమాజు చాప, మడత విప్పని తెల్లటి నమాజు బట్టలు, ఖర్జూరాల పొట్లం, పాలపొడి డబ్బా, ఒక బొమ్మల పుస్తకం ఉన్నాయి. పుస్తకం అట్ట మీద ఒక పిల్ల కుళాయి కింద చేతులు పెట్టి నవ్వుతోంది. ముందు అరచేతులు, తరవాత నోరు, ఆపైన ముక్కు కడుక్కోవాలని లోపల బాణం గుర్తులు వేసి మరీ చూపించారు. హలీజా ఆ బుట్టను ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా కారులో అలాగే కూర్చుంది. అరవై దాటిన ముసలిదానికి, నమాజు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వుజూ నేర్పిస్తున్నారు. ఆమెకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. పొద్దుటి నుంచీ బల్లల మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది.

పరిత్ కెలాడి ఊరంతటికీ ఆమె మాక్ జా. మాక్ అంటే అక్కడి మాటలో అమ్మే. ఊళ్ళో ఏ ఇంట్లో ఆడమనిషి కన్ను మూసినా ముందు మసీదుకు కబురు వెళ్తుంది, దాని వెనకే మాక్ జాకు వెళ్తుంది. పోయేవాళ్ళ చెవిలో, దేవుడొక్కడేనన్న విశ్వాస వాక్యం, కలిమా చెప్పేది ఆమె, పోయాక ఒళ్ళు కడిగేది ఆమె, జుట్టు దువ్వి మూడు పాయలుగా అల్లి కఫన్ గుడ్డ కప్పేది ఆమె. ఎంతమందిని అలా సాగనంపిందో ఆమె ఎప్పుడూ లెక్క పెట్టలేదు. అలా లెక్క పెట్టడం మర్యాద కాదని ఆమె ఉద్దేశం.

అయితే ఆమె పుట్టింది చీనావాళ్ళ ఇంట్లో. బొగ్గుబట్టీలో పనిచేసే ఖూ అనే ఆయనకు వరసగా ఆడపిల్లలే పుట్టారు. ఆఖరిదాన్ని పొత్తిళ్ళలో ఉండగానే పరిత్ కెలాడి వరి రైతు చేతిలో పెట్టి, మిగతా సంసారంతో రైలెక్కి ఎటో వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో అది వింత కాదు, ఊరికి ఒకరిద్దరు అలాంటి పిల్లలు ఉండేవాళ్ళు. రైతు భార్యకు అప్పుడే పురిట్లో బిడ్డ పోయింది. రొమ్ముల్లో పాలున్నాయి, ఒళ్ళో పిల్ల పడింది. హలీజా అని పేరు పెట్టుకుంది. పాలిచ్చిన తల్లి తల్లే కాబట్టి ఆ తరవాత ఎవరూ ఏమీ అడగలేదు. హలీజా ఓనమాలకన్నా ముందు కలిమా నేర్చుకుంది. పెళ్ళీడుకొచ్చాక పాత ఇమాంగారు ఏ కాగితమూ అడక్కుండానే నికా చదివేశారు. ఆయనకు పిల్ల తెలుసు, పిల్లవాడు తెలుసు, కాగితంతో పనేమిటి?

కాగితం మాత్రం తన దారిన తను బతికే ఉంది. చీనా పేరుతో ఉన్న పుట్టుక పత్రాన్ని పట్టుకునే అప్పట్లో గుర్తింపు కార్డు చేశారు, అందులో ఖూ స్వీ గైక్ అనే ఉండిపోయింది. ఆ పేరుతో ఆమెను పిలిచినవాడు లోకంలో ఒక్కడూ లేడు గనక ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మొన్నీమధ్య చేపలు కొంటూ కార్డు కాలవలో పారేసుకుంది. కొత్తది తెచ్చుకుంటే, పట్నంలో ఆసుపత్రిలో పనిచేసే కూతురు సుహైలా దాన్ని తిప్పి చూసి గుండె బాదుకుంది. ముస్లింల కార్డుల మీద ఉండే 'ఇస్లాం' అన్న ముక్క దాని మీద లేదు.

"అమ్మా, రేపు నీకేమైనా అయి ఆసుపత్రిలో కన్ను మూశావనుకో. కార్డు చూసి చీనావాళ్ళ శ్మశానానికి ఫోన్ చేస్తారు, తెలుసా? నేను రోజూ చూస్తున్నాను ఇలాంటివి."

"అప్పుడు నేనే లేచి చెప్తాలే, వాళ్ళదాన్ని కాదని."

"హాస్యాలొద్దు. మంగళవారం సెలవు పెట్టాను. వెళ్దాం."

అలా వెళ్ళారు మత వ్యవహారాల ఆఫీసుకు. అక్కడి అధికారి ఉస్తాద్ ఫిక్రీ చిన్నవాడే గాని కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. ఆయన బల్ల ముందు కూర్చున్నవాళ్ళంతా పెళ్ళి కోసమో, విడాకుల కోసమో, వాటా కోసమో తగువు పడుతూ వచ్చినవాళ్ళే. గొడవ లేకుండా ఒక ముసలమ్మ వచ్చి కార్డు మీద ఇస్లాం అని ఉండాలి నాయనా అంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"అంతేనా పెద్దమ్మా? ఎంతసేపు! కలిమా వచ్చుగా? ఏదీ, ఒక్కసారి చెప్పండి."

ఆమె చెప్పింది. రోజూ చెప్పేదే. పక్క బల్లల దగ్గర నుంచి ఇద్దరు గుమాస్తాలను సాక్షులుగా పిలిచారు, ఒకాయన చేతిలో సగం తిన్న కూరపఫ్ అలాగే ఉంది. చూపించినచోటల్లా ఆమె సంతకం పెట్టింది. అందరూ లేచి అభినందనలు చెప్పారు, బుట్ట చేతిలో పెట్టి ఫోటో తీశారు. ముసలమ్మకు ఇంత మర్యాద ఎందుకో అర్థం కాలేదు. ఆఫీసు జనం ఈమధ్య మంచివాళ్ళయ్యారు కాబోలు అనుకుంది.

ఆ మర్యాద ఎందుకో ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకుని పత్రం చదివాక తెలిసింది. పేరు హలీజా బింతి అబ్దుల్లా, అంటే కొత్తగా మతంలోకి వచ్చినవాళ్ళకు తండ్రి పేరు బదులు పెట్టే పేరు పెట్టారు. ఇస్లాం స్వీకరించిన తేదీ అన్నచోట ఆ మంగళవారం తేదీ వేశారు.

"సుహైలా, ఇలా రా. ఇదేం రాశారే? నేను ఇవాళ ముస్లింనయ్యానా?"

"వాళ్ళ పత్రంలో అలాంటి గడి ఒకటే ఉందమ్మా. పుట్టుకతోనా అంటే పుట్టుక పత్రం అడుగుతారు, అందులో ఖూ అని ఉంది. ఏదైతేనేం, పని అయిందిగా."

"మరి నిన్న సోమవారం నేనేమిటి?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని లోకమంతటికీ తెలిసిన మాట కూతురికి అప్పుడే గుర్తొచ్చినట్టుంది, మొహం అలా పెట్టింది.

ఫోటో మరునాటికల్లా ఫోన్లలో తిరిగింది. 'మన కొత్త సోదరికి స్వాగతం' అని కింద రాశారు. ఊరు మొదట పడీపడీ నవ్వింది. కాఫీ హోటల్ ముందు నుంచి వెళ్తుంటే ముసలాళ్ళు కేకలేశారు. "మాక్ జా, ఈ ఏటి నుంచి రోజాలుండాలి, ఎవరైనా చెప్పారా?" అన్నాడొకడు. "పంది మాంసం మానెయ్యడం కష్టంగా ఉందా మాక్ జా?" అన్నాడింకొకడు. ఆమె కూడా నవ్వింది. కొత్తవాళ్ళ తరగతికి రమ్మని శనివారం శనివారం ఆఫీసు నుంచి ఒక పిల్ల ఫోన్ చేసేది. పాపం ఎంతో ప్రేమగా పిలుస్తోంది గదా అని, మోకాళ్ళ నొప్పమ్మా అని చెప్పి పెట్టేసేది.

తరవాత నోర్మా వచ్చింది.

నోర్మా మసీదు వెనక వీధిలో ఉంటుంది, మిషను కుట్టుకుంటుంది. దాని తల్లి పోయిన వానల్లో పోయింది. వచ్చి మెట్ల మీద కూర్చుని, పైటకొంగు లాంటి ఆ తల గుడ్డ అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ చాలాసేపు ఏవేవో మాట్లాడింది. కొబ్బరి ధర, బట్టల గిరాకీ, పిల్లాడి జలుబు, ఒక్కటీ తిన్నగా లేదు.

"అసలు సంగతి చెప్పవే" అంది హలీజా.

"తప్పుగా అనుకోకు మాక్ జా. నేను అనుకోవడం లేదు, ఎవరో అన్నారు." నోర్మా కళ్ళనిండా నీళ్ళు. "మా అమ్మ స్నానం... చెల్లినట్టేనా? ముస్లిం చేత్తోనే కడగాలంటారుగా. మళ్ళీ ఏమైనా చేయించాలా?"

హలీజా ఆమె వేలి వైపు చూసింది. నోర్మా తల్లి వేలికి, ఎంత లాగినా ఊడిరాని పాత ఉంగరం ఒకటి ఉండేది. సబ్బు నీళ్ళతో ఎంత ఓపిగ్గా తీసి ఈ పిల్ల చేతిలో పెట్టిందో ఆమెకు గుర్తుంది. ఆ ఉంగరం ఇప్పుడు నోర్మా వేలికే ఉంది.

"చెల్లిందే" అంది చివరికి. "వెళ్ళి పడుకో. నీ తల్లి శుభ్రంగానే వెళ్ళింది."

నోర్మా తల ఊపి వెళ్ళింది గాని నమ్మి వెళ్ళలేదు. హలీజా ఆ పూట అన్నం ముట్టుకోలేదు. తన కడుపున పుట్టినదాని పెళ్ళి ఆగిపోయినా ఆమెకు అంత బాధ కలిగేది కాదేమో. తను ఎవరన్నది తనకు తెలుసు, దేవుడికి తెలుసు, ఆ సంగతి అక్కడితో సరి. కాని మట్టిలో పడుకున్న ఆడవాళ్ళంతా మంగళవారానికి ముందే పోయారు. ఆ ఒక్క తేదీతో వాళ్ళందరినీ ఎవరో లేపి, మీ స్నానం చెల్లలేదు పొమ్మన్నట్టయింది. అది ఆమె ఓర్చుకోలేకపోయింది.

ఆ వారంలోనే మసీదు కార్యదర్శి హాజీ బస్రీ వచ్చాడు. పెద్దమనిషే, నిలబడే మాట్లాడాడు. "నా నోటితో నేను అనడం లేదు మాక్ జా, ఊళ్ళో అనుకుంటున్నారు. తేదీ సంగతి తేలేదాకా శవస్నానాలకు పట్నం నుంచి మనుషుల్ని పిలుద్దాం. నీకూ విశ్రాంతి. కోపం తెచ్చుకోకు."

"నాకు కోపం లేదు హాజీ. ఓపిక లేదు, అంతే."

మళ్ళీ ఆఫీసు. ఉస్తాద్ ఫిక్రీ ఆమెను చూసి నవ్వబోయి, విషయం విని తల పట్టుకున్నాడు. "పెద్దమ్మా, నేను ఉన్న గడిలో రాశాను. ఒకసారి ఎక్కిన తేదీని కొట్టెయ్యడం నా చేతిలో లేదు. మీరు మొదటినుంచీ ముస్లిమేనని షరియా కోర్టు చెప్పాలి. నన్ను క్షమించండి, నేను ఇంకాస్త అడగాల్సింది." ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు, అర్జీ కూడా తనే రాసిచ్చాడు. కాని నొచ్చుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నా వాయిదాలు తగ్గవు. జడ్జి సెలవులో ఉన్నాడు. తరవాత ఫైలు కూడా సెలవు పెట్టినట్టు కనపడకుండా పోయింది. తరవాత పండగ వచ్చింది. వరి ఊడ్చినప్పుడు వేసిన అర్జీ పిలుపుకొచ్చేసరికి పంట కోతకొచ్చింది.

సాక్షిగా, ఊరంతా తాత అని, తోక్ అని పిలిచే తోక్ సమద్ వచ్చాడు. ఒకప్పుడు ఊరి మసీదులో నమాజుకు పిలిచే అజా ఇచ్చిన మనిషి, ఇప్పుడు కర్ర లేనిదే నడవలేడు. జడ్జి సౌమ్యుడే, తొందర పెట్టలేదు.

"ఈమె నమాజు చెయ్యడం మీరు చూశారా?"

"చూశానయ్యా. పెళ్ళికాని పిల్లగా ఉన్నప్పటి నుంచీ. రంజాను రాత్రుల్లో ఒక్కటి వదిలేది కాదు."

"ఆడవాళ్ళ వరస తెర వెనక ఉంటుందిగా. తెర వెనక మనిషిని ఎలా చూశారు?"

తోక్ సమద్ ఆలోచించాడు. "చెప్పులు చూశానయ్యా. మెట్ల దగ్గర."

గుమాస్తా దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. జడ్జి నవ్వలేదు, రాసుకున్నాడు. తరవాత కలం కింద పెట్టి హలీజా వైపు చూశాడు.

"అమ్మా, నాకు మీ మీద అనుమానం లేదు. కాని ఊరందరికీ తెలుసు అన్నది సాక్ష్యం కాదు. పై ఆఫీసువాళ్ళు నా తీర్పును తిప్పి కొట్టకుండా ఉండాలి. మంగళవారానికి ముందు మీ నోటి వెంట కలిమా విన్నవాళ్ళు ఒక్కరు కావాలి. చెవితో విన్నవాళ్ళు. కన్నబిడ్డల సాక్ష్యం చెల్లదు. ఒక్కరు ఉంటే, మిగతాది మీ ప్రమాణంతో సరిపెడతాను."

ఆమె నిలబడే ఆలోచించింది. నమాజులో కలిమా లోలోపల చెప్పుకునేదే. నేర్పిన తల్లి పోయింది, నికా చదివిన ఇమాంగారు పోయారు, కట్టుకున్నవాడూ పోయాడు. ఇంకెవరి ముందు చెప్పింది? ఒకళ్ళ ముందు కాదు, ఎంతోమంది చెవుల్లో చెప్పింది. చుట్టూ ఇంటివాళ్ళు గొంతెత్తి ఖురాన్‌లోని యాసీన్ చదువుతుంటే, తను వంగి, పోయే మనిషి చెవికి మాత్రమే వినపడేలా చెప్పింది.

"విన్నవాళ్ళు చాలామందే ఉన్నారయ్యా" అంది. "అందరూ మసీదు పక్క మట్టిలో ఉన్నారు."

సుహైలా ముక్కు చీదుకుంది. జడ్జి వాయిదా వేశాడు.

ఇంటికొచ్చేటప్పుడు కారులో కూతురు, "పోనీలే అమ్మా, వదిలేద్దాం. కార్డు ఉందిగా" అంది. కాలవ వంతెన దాటుతుంటే అవతలి గట్టు మీద ఒక ముసలిది పిల్లులను తిట్టడం వినిపించింది. గొంతు నీళ్ళ మీదుగా కంచు మోగినట్టు వచ్చింది. హలీజా సీట్లో నిటారుగా కూర్చుంది.

చెవిలో కలిమా చెప్పాక కూడా చావని మనిషి ఊళ్ళో ఒక్కతే ఉంది. మాక్ పియా.

కొన్నేళ్ళ కిందట పియాకు విషజ్వరం వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పిల్లలంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు, హలీజా వంగి చెవిలో కలిమా చెప్పింది. పియా పలకలేదు. మళ్ళీ చెప్పింది. అప్పుడు పియా ఒక కన్ను తెరిచి, "నన్ను సాగనంపడానికి అంత తొందరేమే నీకు?" అని గంజి అడిగింది. చింత చచ్చినా పులుపు చావలేదని ఊరు నవ్వుకుంది గాని పియా నవ్వలేదు. పక్కపక్క మళ్ళలో నాట్లేసిన నేస్తం, అప్పటినుంచి హలీజా ఎదురొస్తే దారి మార్చేది. తను చచ్చినా ఆ జా చెయ్యి తన ఒంటి మీద పడటానికి వీల్లేదని కొడుకులతో ఒట్టు వేయించుకుందని కూడా చెప్పుకునేవారు.

మర్నాడు పొద్దున్నే హలీజా వంతెన దాటింది. పియా వరండాలో ఎండుచేపల తలలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"ఎవరూ, కొత్త ముస్లిమా? రా రా. బుట్టలో ఖర్జూరాలిచ్చారట, తెచ్చావా?"

"తెచ్చాను." నిజంగానే తెచ్చింది. పొట్లం మెట్టు మీద పెట్టింది.

"ఇంకా బతికే ఉన్నానో లేదో చూసిపోదామని వచ్చావా? ఉన్నానే. సబ్బు సర్దుకుని వెనక్కి పో."

"పియా, నీతో పని పడింది."

"పడుతుందిలే. పని పడకపోతే నా గడప ఎందుకు గుర్తొస్తుంది నీకు!"

హలీజా మెట్టు మీద కూలబడింది. మాటకు మాట అప్పజెప్పే ఓపిక ఆమెకు ఏనాడో అయిపోయింది. "ఆ రోజు నీ చెవిలో నేనేం చెప్పానే?" అని అడిగింది.

పియా చేతిలో కత్తి ఆగింది. "ఏం చెప్పావా? మర్చిపోయాననుకున్నావా? కలిమా చెప్పావు. నేను పలకలేదని మళ్ళీ చెప్పావు. నాలిక కదల్లేదు గాని చెవులకేం రోగం! నీ నోట్లో తమలపాకు వాసన కూడా గుర్తుంది నాకు. అప్పుడే అనుకున్నా, ఇది నన్ను తోసెయ్యడానికే వచ్చిందని."

"ఆ మాట జడ్జి ముందు చెప్తావా?"

"ఎందుకు చెప్పాలే? బతికుండగానే నన్ను చంపినందుకా?"

"చెప్పకపోతే మానెయ్. నాకోసం అడగడం లేదు. నోర్మా వాళ్ళమ్మ కోసం. మీ అమ్మ కోసం. ఆవిణ్ణి కడిగింది కూడా నేనే. మంగళవారానికి చాలా ముందు."

"మా అమ్మ ఊసెత్తకు." పియా గొంతు ఉన్నట్టుండి చిన్నదైపోయింది. ఒక పిల్లి వచ్చి చేప తల లాక్కుపోయినా కసరలేదు. ఆ రోజు తల్లి జుట్టు చిక్కు పడి ఉంటే, కత్తిరించేద్దాం అన్న వాళ్ళను ఊరుకోమని, హలీజా ఒక్కో పాయా వేళ్ళతో విడదీసింది. పియా పక్కనే నిలబడి చూసింది. ఇద్దరికీ అదే గుర్తొచ్చింది.

"కారు ఎన్నింటికి వస్తుంది?" అంది పియా.

కోర్టుకు పండగ చీర లాంటి పూల గౌను వేసుకుని, పొడి రాసుకుని వచ్చింది. అల్లా మీద ప్రమాణం చేసింది. ఆ తరవాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"ఈమె కలిమా చెప్పడం మీరు విన్నారా?"

"కావాలని వినలేదయ్యా. నా చెవిలో ఊదింది."

"ఎప్పుడు?"

"నేను చచ్చిపోయినప్పుడు."

ఈసారి జడ్జి కూడా నవ్వాడు. తరవాత అడిగాడు. "ఒళ్ళెరగని జ్వరంలో ఉన్నారు కదా, భ్రమ పడలేదని ఏమిటి నమ్మకం?"

"భ్రమైతే నాకు ఇన్నేళ్ళు కోపం ఎందుకుంటుందయ్యా? ఆ మాట విన్నాననేగా దీంతో మాట మానేశాను!"

"అంటే మీకు ఈమెతో స్నేహం లేదు."

"స్నేహమా! దీని మొహం చూస్తే నాకు అన్నం సయించదు."

జడ్జి ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నాడు. స్నేహితురాలు మేలు కోరి చెప్పే సాక్ష్యం కన్నా, పగదాని నోట వచ్చిన మేలిమాటకు బరువెక్కువ. హలీజా చేత ప్రమాణం చేయించి, తీర్పు రాసి పంపుతానన్నాడు. ఎప్పుడు అని అడిగితే గుమాస్తా ఫైళ్ళ దొంతర వైపు చూశాడు.

తిరుగుదారిలో ముసలాళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. పియా కూరపఫ్ తింటూ, రాలిన పొడిని హలీజా ఒళ్ళోకి దులిపేస్తూ అంది. "ఆ పట్నం పిల్లలు చేతులకు రబ్బరు తొడుక్కొస్తారు. మా వదిన పోయినప్పుడు చూశాను, గిన్నె తోమినట్టు తోమారు. నాకు వాళ్ళు వద్దు. నువ్వే రా."

"ఒట్టు వేయించుకున్నావటగా."

"నా ఒట్టు, నేను తీసేసుకుంటాను. నీకెందుకు? ఆ జడ్జిని మాత్రం తొందరగా తెమల్చమను."

జడ్జి తెమల్చలేదు. పియానే తొందరపడింది. ఒక మధ్యాహ్నం ఆమె పెద్దకొడుకు మొక్తార్ లారీ వేసుకుని వచ్చి హలీజా వాకిట్లో ఆపాడు. దిగి, ఆమె ఎక్కేందుకు లారీ తలుపు తెరిచి పట్టుకున్నాడు. హలీజా తల గుడ్డ సవరించుకుని లారీ ఎక్కింది.

చుట్టూ యాసీన్ చదువుతున్నారు. హలీజా వంగి, పియా చెవి దగ్గర నోరు పెట్టి కలిమా చెప్పింది. పియా పెదాలు కదిలాయి. మొత్తం చెప్పింది, ఒక్క మాట కూడా వదల్లేదు. ఆపైన ఊపిరి ఆగింది. ఒక కన్ను తెరిచి తిడుతుందేమోనని హలీజా కాసేపు అలాగే వంగి ఉంది. తిట్టలేదు. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. ఎంతోమందిని కడిగిన మనిషి, చావు దగ్గర ఏడవకూడదని ఊరందరికీ చెప్పిన మనిషి, మోకాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

హాజీ బస్రీ వచ్చాడు. మొక్తార్‌ను పక్కకు పిలిచి మెల్లిగా అన్నాడు. "పట్నానికి ఫోన్ చేశాను, మనుషులు బయల్దేరారు. తీర్పు ఇంకా రాలేదు కదా బాబూ. రేపు నలుగురూ నాలుగు రకాలుగా అంటారు."

మొక్తార్ మెల్లిగా మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో అందరూ విన్నారు. "హాజీ, మా అమ్మ అల్లా మీద ప్రమాణం చేసి ఈమె ముస్లిమని చెప్పింది. ఇవాళ ఈమె చెయ్యి వేయకూడదంటే మా అమ్మ దొంగసాక్ష్యం చెప్పినట్టే. శవం లేవకముందే ఆ మాట అంటావా? అను, నా మొహం చూసి అను."

హాజీ బస్రీ ఫోన్ తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, వ్యాను వెనక్కి తిప్పమన్నాడు.

తీర్పు మరుసటి నెలలో వచ్చింది. ఊహ తెలిసిన నాటి నుంచీ ముస్లిమేనని రాశారు, మంగళవారాన్ని కొట్టేశారు. హలీజా దాన్ని చదివి సుహైలాకు ఇచ్చేసింది. అప్పటికి ఆమెకు దాంతో పెద్దగా పని మిగల్లేదు.

పియా పోయిన ఆ మధ్యాహ్నమే ఆమె ఇంటి వెనక తెరలు కట్టారు. పెరట్లో కాగు కింద మంట పెట్టి నీళ్ళు కాచారు. రేగాకు నలిపి వేశారు, ఆఖరి నీళ్ళ కోసం కర్పూరం పక్కన పెట్టారు. హలీజా చేతులు మోచేతులదాకా కడుక్కుని, పియా మీద కప్పిన గుడ్డ సరిచేసింది. నీళ్ళు పోసేందుకు ఇంకో మనిషి కావాలి. ఎప్పుడూ ఎవరో ఒకరు అడక్కుండానే వచ్చేవారు. ఈసారి ఆడవాళ్ళు తెర బయటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. హలీజా ఎవరినీ పిలవలేదు.

తెర కదిలింది. నోర్మా లోపలికి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, అప్పటికే కడుక్కుని వచ్చింది. తల్లి ఉంగరం తీసి నడుం దగ్గర గుడ్డలో ముడి వేసుకుంది.

"నేను పోస్తాను మాక్ జా" అంది.

హలీజా చెంబు ఆమె చేతికిచ్చింది. తను పియా తలను అరచేతిలోకి తీసుకుంది.

"కుడివైపు నుంచి పొయ్యి. నెమ్మదిగా. ముందు నీ చేతి మీద పోసుకుని చూసుకో, చల్లగా ఉంటే ఇది ఊరుకోదు, తిడుతుంది."